పంచనామా మీద సంతకం పెట్టేముందు

శబరి ఒడ్డున కోంటాలో మా ఇల్లు. సరిహద్దు దాటితే ఆంధ్ర. ఇంట్లో తెలుగు, ఆఫీసులో హిందీ, తరగతిలో దోర్లా, కోయ. ఇలా నాలుగు నాలుకలతో నలభై ఏళ్ళు బడిపంతులుగా నెట్టుకొచ్చి 2014లో రిటైరయ్యాను. ఈమధ్య ఛత్తీస్‌గఢ్‌లోని మా సుక్మా జిల్లాలో మూతబడ్డ బళ్ళు ఒక్కొక్కటీ తెరుస్తున్నారు. కొత్తగా పోస్టింగైన కుర్రాళ్ళు నా దగ్గరికొచ్చి కూర్చుంటారు. "గురూజీ, ఫోర్సు ఖాళీ చేసిన బిల్డింగు మాకిస్తున్నారు. ముందేం చెయ్యాలి?" అని అడుగుతారు. ఒక్కొక్కరికీ నోటితో చెప్పలేక ఇలా రాసి పెడుతున్నాను. నేను పనిచేసిన ఊరి పేరు మాత్రం రాయను. అక్కడి వాళ్ళు ఇంకా అక్కడే బతకాలి.

తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. 2005 జూన్‌లో, మావోయిస్టుల మీదికి ప్రభుత్వ అండతో, సల్వాజుడుం మొదలైంది. ఏడాది తిరిగేలోపు మా చుట్టుపక్కల ఊళ్ళు ఊళ్ళే లేచిపోయాయి. కొందరిని దోర్నాపాల్, ఎర్రబోరు, ఇంజరం క్యాంపులకు తరలించారు. కొందరు అడవిలోకి పోయారు. కొందరు సరిహద్దు దాటి ఖమ్మం, భద్రాచలం అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. అక్కడ వాళ్ళని గుత్తికోయలంటారు. మమ్మల్ని క్యాంపు బళ్ళకు 'అటాచ్' చేశారు. ఊళ్ళో మిగిలింది బడి బిల్డింగు ఒక్కటే. చుట్టూ పది మైళ్ళలో స్లాబు పైకప్పున్నది అదే. ఫోర్సుకి తల దాచుకోవడానికి అది కావాలి. వాళ్ళకి అక్కరకు రాకుండా చెయ్యాలని లోపలివాళ్ళు (మా దగ్గర మావోయిస్టుల్ని ఇలాగే అంటారు) ఎన్నో బళ్ళని పేల్చేశారు. నా బడి పేలలేదు. దాన్ని ఫోర్సు తీసుకుంది.

1. లెక్క చూసుకోకుండా సంతకం పెట్టకండి

ఇది నా తప్పు. అందుకే ముందు చెబుతున్నాను.

బళ్ళూ హాస్టళ్ళూ నాలుగు నెలల్లో ఖాళీ చెయ్యాలని 2011 జనవరి 18న సుప్రీంకోర్టు ఆదేశించింది. నందినీ సుందర్, రామచంద్ర గుహ, మన విశాఖపట్నం ఇ.ఎ.ఎస్. శర్మగారు కలిసి వేసిన కేసు అది. ఆ జూలై 5న సల్వాజుడుం మీద పెద్ద తీర్పు ఇచ్చిన ధర్మాసనంలో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డిగారూ ఉన్నారు. భద్రాచలం నుంచి వచ్చిన తెలుగు పేపర్లో ఇద్దరి పేర్లూ చూసి, మనవాళ్ళే కదా అని నా మనసు పొంగింది. ఖాళీ చేశామని ప్రభుత్వం ఒకసారి, ఇంకా కొన్నిచోట్ల ఉన్నారని ఇంకోసారి చెప్పిన తీరు మీద ఆ తీర్పులోనే కోర్టు అక్షింతలు వేసింది. కాగితం మీద ఖాళీకీ నేల మీద ఖాళీకీ ఉన్న తేడా అప్పుడే నాకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు.

మా బడి వానలు వెనకబట్టాక ఖాళీ అయింది. లారీ ఎక్కుతూ ఎక్కుతూ ఒకాయన టైపు చేసిన కాగితం చేతికిచ్చాడు. 'భవన్ అచ్ఛీ హాలత్ మేఁ ప్రాప్త్ కియా' అని ఉంది. బిల్డింగు మంచి స్థితిలో అందింది, అని. ఐదేళ్ళ తర్వాత తాళంచెవి చేతికొచ్చింది. ఆ సంతోషంలో గుమ్మంలోనే నిలబడి, గదులు తిరిగి చూడకుండానే, సంతకం గీకేశాను.

మూడు నెలల తర్వాత మరమ్మతుల ఎస్టిమేటు కోసం ఆఫీసుకి వెళితే అక్కడి ఇంజనీరు ఫైలు తెరిచి నా సంతకమే నాకు చూపించాడు. "బాగుందని మీరే రాసిచ్చారు కదా గురూజీ!" ఆ ఒక్క మాటతో ఏడాదిన్నర పైసా రాలలేదు.

ఇప్పుడు మీకు చెబుతున్నాను. పంచనామా గుమ్మం బయట రాయకండి. గదిగదికీ తిరగండి. తలుపులెన్ని, రెక్కలెన్ని, బెంచీలెన్ని ఉండాలి, ఎన్ని ఉన్నాయి, స్లాబు కింద పెచ్చులు ఎక్కడ ఊడాయి, మరుగుదొడ్డికి తలుపుందా, బోరింగు కొడితే నీళ్ళొస్తాయా, అన్నీ రాయండి. చేతిలో ఫోనుంది కదా, ఫొటో తీయండి. మూడు కాపీలు రాయించి ఒకటి సర్పంచి దగ్గర పెట్టండి. అవతలివాళ్ళు తొందరపెడతారు. తొందర వాళ్ళది. లారీ వాళ్ళది. బడి మీది.

2. ఎంత దూరం ఖాళీ చేశారో అడగండి

మా పక్క పంచాయతీలో బిల్డింగు ఖాళీ చేసి ఆటస్థలం చివర డేరాలు వేశారు. ఆదేశం అమలైనట్టే. బడి గోడకీ ముళ్ళతీగకీ మధ్య నూరు అడుగులు కూడా లేవు. క్యాంపు మీద రాత్రి కాల్పులు జరిగితే తూటా బడి గోడ దగ్గర ఆగుతుందా?

2015 మేలో నార్వేలోని ఆస్లోలో 37 దేశాలు కూడి సురక్షిత పాఠశాలల ప్రకటన అని ఒకటి చేశాయి. మన దేశం అందులో లేదు. దానికి ఆధారమైన మార్గదర్శకాలు నాకు ఒక కుర్ర లాయరు చదివి వినిపించాడు. నడుస్తున్న బడిని ఏ విధంగానూ వాడుకోకూడదట. ఖాళీగా ఉన్న బడినైనా వేరే దారి లేనప్పుడే, అదీ అవసరమైనన్నాళ్ళే వాడాలట. వెళ్ళేటప్పుడు మోర్చాలూ (కాపలా మాటులు) కంచెలూ ఒక్క ఆనవాలు లేకుండా తీసేసి, పాడైంది బాగుచేసి, పేలుడు సామాను ఏరేసి అప్పగించాలట. విని నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. నేను పడ్డ పాట్లన్నీ ఎవరో ముందే అచ్చేసి పెట్టారు.

3. గోడ సంగతి తర్వాత, ముందు నేల

సున్నం కొట్టించాలని చెయ్యి దురద పెడుతుంది. ఆగండి. ఎవరు ఎక్కడ ఏం పాతారో మీకు తెలియదు. బడిలో మకాం వేసినవాళ్ళు రక్షణకు కొన్ని పెడతారు, బయటినుంచి వచ్చేవాళ్ళు వాళ్ళ మీదికి కొన్ని పెడతారు. బాంబు స్క్వాడు వచ్చి, కుక్కతో, యంత్రంతో అంగుళం అంగుళం చూసేదాకా గడ్డపార దించొద్దు. కందకం పూడ్చొద్దు. పూడిస్తే అడుగున ఉన్నది అక్కడే ఉండిపోతుంది. బడి చుట్టూ చూసి వదిలెయ్యకుండా పిల్లలు నడిచొచ్చే కాలిబాట కూడా చూడమని అడగండి. అడిగితే విసుక్కుంటారు. పడండి.

తీగకు కట్టిన ఖాళీ డబ్బాలు కూడా మా దగ్గర చాలా దొరికాయి. రాత్రి ఎవరైనా తీగ తాకితే గలగలమనడానికి కట్టుకున్నవి. పిల్లలు వాటితో బొమ్మ బండ్లు చేసుకున్నారు. అవి ఫర్వాలేదు. వారం తర్వాత ఒకడు జేబులోంచి తూటా తీసి, "గురూజీ, ఇది వాడిందా, వాడందా?" అని తాపీగా అడిగాడు. ఎనిమిదేళ్ళవాడు. తేడా వాడికి తెలుసు. నాకే తెలియదు.

4. కిటికీలు

మా బడికి ఆరు కిటికీలు. ఆరూ ఇటుకలు పేర్చి మట్టి మెత్తి మూసేశారు. మధ్యలో తుపాకి గొట్టం పట్టేంత సందు. పగలు పదకొండు గంటలకు గదిలోకెళితే పొద్దుగుంకినట్టు ఉండేది. ఒకటో తరగతి పిల్ల గడపలో నిలబడి లోపలికి రానంది. లాగబోయాను. మా వంటమ్మ నా చెయ్యి పట్టుకుని, "చీకట్లోకి రమ్మంటే ఎవరొస్తారు పంతులూ?" అంది. అంతే. అది తట్టడానికి నాకు బి.ఎడ్. చాల్లేదు.

మొదటి రోజు పాఠం మానేసి కిటికీలు తెరిచాం. పెద్దపిల్లలు ఇటుకలు అందుకున్నారు. స్లాబు మీద ఇసుక బస్తాలు రెండు వరసలున్నాయి. ఐదు వానాకాలాలు నీళ్ళు తాగి, ఆ తడి స్లాబులోకి దిగి, లోపల చువ్వలు తుప్పుపట్టాయి. మీ దగ్గరా బస్తాలుంటే అవి దింపించాకే పిల్లల్ని ఆ కప్పు కింద కూర్చోబెట్టండి. బరువు పోయేదాకా స్లాబుని నమ్మొద్దు. బస్తాల్లోది శబరి ఇసుక, మంచిది. దాంతోనే గోడలకు పూత పూశాం. పైసా ఖర్చు లేకుండా దొరికింది అదొక్కటే.

5. వెళ్ళేవాడితో నాలుగు మాటలు మాట్లాడండి

దీన్ని మావాళ్ళు ఒప్పుకోరు. ఐనా చెబుతాను.

ఖాళీ చేసిన రోజు, సామాను ఎక్కిస్తుండగా, ఒక జవాను గదిలో బోర్డు ముందు నిలబడి ఉన్నాడు. ఆ బోర్డు మీద చాక్‌పీసుతో గళ్ళు గీసి డ్యూటీలు రాసుకున్నారు. ఎవరు ఏ మోర్చాలో, ఎన్నింటినుంచి ఎన్నింటిదాకా అని. నేను తెలుగులో ఎవరితోనో మాట్లాడడం విని ఇటు తిరిగాడు. శ్రీకాకుళం కుర్రాడు. ఆ జిల్లా నుంచి ఫోర్సులోకి వచ్చినవాళ్ళు చాలామందే.

"మేస్టారూ, మీ బోర్డు మీద మావు ఇన్నేళ్ళు డ్యూటీలే రాసినాం. ఏటనుకోకండి" అన్నాడు.

ఏమనుకోవాలో నిజంగా తోచలేదు. "ఎంతవరకు చదివావు బాబూ?" అన్నాను. పంతులికి ఇంకే ప్రశ్న వస్తుంది?

"ఇంటరు తప్పినానండి." మెడలో తువ్వాలు తీసి, నీళ్ళ సీసాలో ముంచి, బోర్డు ఆ చివర నుంచి ఈ చివరదాకా తుడిచాడు. ఒకసారి తుడిస్తే తెల్లచారలు మిగులుతాయి కదా. మళ్ళీ ముంచి మళ్ళీ తుడిచాడు. తర్వాత తన పెట్టె అడుగునుంచి మడత పెట్టిన ప్రపంచపటం తీసిచ్చాడు. మా బడిదే. వానకు తడుస్తుంటే తీసి దాచాడట. పోతూ పోతూ ఒక ముక్క చెప్పాడు: "వెనక తుమ్మచెట్టు కిందికి పిల్లల్ని వెళ్ళనీకండి. అక్కడ పాత గొయ్యి ఉంది, పైన మట్టి పల్చగా ఉంటాది."

ఆ గొయ్యి ఏ పంచనామాలోనూ లేదు. అతను చెప్పకపోతే వానాకాలంలో ఒకరిద్దరు పిల్లలు అందులో పడేవాళ్ళే. అక్కడ ఉన్నవాడికే అక్కడి లోతు తెలుస్తుంది. మీకు వాళ్ళ మీద ఎంత కోపమున్నా అడిగి తెలుసుకోండి. తర్వాత అడగడానికి వాళ్ళుండరు. బదిలీ మీద కాశ్మీరో మణిపూరో పోయుంటారు.

గోడల మీద రాతలు కూడా చెరిపే ముందు ఒకసారి చదవండి. మా గోడ మీద ఒకడు నిలువు గీతలు గీసుకున్నాడు, నాలుగు గీతలకు ఒక అడ్డగీత చొప్పున. సెలవుకి రోజులు లెక్కపెట్టుకున్నట్టుంది. నలభై ఏడు దగ్గర ఆగింది. సెలవు దొరికిందో, ఇంకేమైందో.

6. బోరింగు ఆడవాళ్ళది

మగపిల్లలు తొలి ఏడే వచ్చారు. పదేళ్ళు దాటిన ఆడపిల్లలు రెండేళ్ళు రాలేదు. చదువు మీద ఇష్టం లేదనుకున్నాను. ఆఫీసుకి అలాగే రాసి పంపాను కూడా. ఆ రిపోర్టు ఇప్పటికీ ఎక్కడో ఫైల్లో ఉండే ఉంటుంది. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఊరికంతా ఒకే బోరింగు. అది బడి ఆవరణలో ఉంది. ఫోర్సు ఉన్నన్నాళ్ళూ అది ముళ్ళతీగ లోపల. మెల్లగా ఊరికి తిరిగొచ్చినవాళ్ళలో నీళ్ళకెళ్ళే ప్రతి ఆడమనిషీ గేటు దగ్గర ఆగాలి, పేరు చెప్పాలి, బిందె దించి చూపించాలి. నలుగురు మగాళ్ళు చూస్తుండగా నీళ్ళు కొట్టుకోవాలి. కొన్నాళ్ళకు వాగుకే పోవడం మొదలుపెట్టారు, కోసు దూరం. ఆ తల్లులు కూతుళ్ళని మళ్ళీ అదే గేటులోంచి ఎలా పంపుతారు? తీగ పోయింది, గేటు గుంజలు అలాగే ఉన్నాయి. గుంజలు పీకించి, బోరింగు చుట్టూ గచ్చు చేయించి, నీళ్ళకు ఎవరైనా ఎప్పుడైనా రావచ్చని దండోరా వేయించాను. ముందు ముసలమ్మలొచ్చారు. తర్వాత కోడళ్ళు. తర్వాతి జూన్‌లో ఆడపిల్లలు పదకొండుమంది పేరు రాయించుకున్నారు. ఈసారి నేను ఒక్క ఇంటికీ వెళ్ళి బతిమాలలేదు. అంతకుముందు రెండేళ్ళూ బతిమాలుతూనే ఉన్నాను.

మరుగుదొడ్డి తలుపుకి లోపలి గడియ పెట్టించండి. బయటి గొళ్ళెం ఉంటే తీయించండి.

7. ఊరు స్లాబు వద్దంటే కొట్టిపారెయ్యకండి

పక్క ఊళ్ళో పేలిపోయిన బడికి బదులు కొత్త బిల్డింగు మంజూరైంది. ఊరి పటేలు వద్దన్నాడు. వెదురు తడికలు, గడ్డి కప్పు చాలన్నాడు. ఆఫీసువాళ్ళు "వెనకబడిన మనుషులు, వీళ్ళకి అభివృద్ధి అక్కర్లేదు" అనుకుని నన్ను నచ్చజెప్పమని పంపారు.

పటేలు విప్పచెట్టు కింద నులకమంచం వాల్చి కూర్చోబెట్టాడు. "గురూజీ, స్లాబు వేస్తే వానకు ఎవరొస్తారు?" అన్నాడు.

"పిల్లలు."

"పిల్లల తర్వాత?"

నేను మాట్లాడలేదు.

"వాళ్ళొచ్చాక వీళ్ళొస్తారు. గడ్డి కప్పు కిందికి ఎవరూ రారు. తూటా తడికలోంచి దూసుకుపోతుందని వాళ్ళకీ తెలుసు. కాలినా మేం నాలుగు రోజుల్లో మళ్ళీ కప్పుకుంటాం."

ఆయన లెక్క ఆయనది. 2022లో బస్తర్‌లో 260 బళ్ళు తిరిగి తెరిచామని రాష్ట్ర ప్రభుత్వం చెప్పినప్పుడు, చాలాచోట్ల తొలిపాఠాలు ఇలాంటి తడికల కిందే మొదలయ్యాయి. ఊళ్ళో చదువుకున్న కుర్రాళ్ళనే శిక్షాదూత్‌లుగా పెట్టారు. ఇన్‌ఫార్మర్లనే అనుమానంతో లోపలివాళ్ళు వాళ్ళలో కొందరిని చంపారు కూడా. అది తలుచుకుంటే సిమెంటా, వెదురా అన్న గొడవ నాకు చాలా చిన్నదైపోతుంది. ఇప్పుడు రోజులు మారుతున్నాయంటున్నారు. మారితే మంచిదే, అప్పుడు పటేలు కొడుకే వచ్చి స్లాబు అడుగుతాడు. అడిగినప్పుడు వేయండి.

8. పొయ్యి ముందు వెలిగించండి

టైంటేబులు తర్వాత వేసుకోవచ్చు. బడి పొయ్యిలోంచి పొగ లేస్తే ఊరి చివరిదాకా కనిపిస్తుంది. వంటమ్మ జీతం ఆలస్యమైతే మీ జేబులోంచి ఇచ్చి ఆపుకోండి. ఇంతకంటే దీని గురించి చెప్పాల్సింది లేదు.

9. దాఖిల్-ఖారిజ్ రిజిస్టరు

బిల్డింగు పోతే మళ్ళీ కట్టుకోవచ్చు. ఇది పోతే పిల్లవాడు లేనట్టే. ఎవరు ఎప్పుడు చేరారు, తండ్రి ఎవరు, కులమేమిటి, పుట్టినరోజేమిటి, ఎప్పుడు మానేశారు అన్నీ అందులోనే ఉంటాయి. టీసీకి, కులం సర్టిఫికెట్‌కి, ఉద్యోగంలో వయసుకి మా అడవి పిల్లలకు వేరే ఆధారం ఏముంది? ఆస్పత్రిలో పుట్టినవాళ్ళా వీళ్ళు?

నాకు పాఠం చెప్పిన ఒక మాస్టారు యుద్ధకాలంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివారు. 1942 ఏప్రిల్‌లో విశాఖపట్నం మీద జపాను బాంబులు పడ్డాక విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించిన సంగతీ, వాల్తేరు భవనాలు మిలటరీ చేతికి పోయిన సంగతీ, యుద్ధం ముగిశాక గాని వెనక్కి రాని సంగతీ కథలా చెప్పేవారు. అక్కడ కట్టమంచి రామలింగారెడ్డిగారంతటి వైస్ ఛాన్సలరు ఉన్నారు, ఆఫీసుంది, గుమాస్తాలున్నారు. మా బడికి వంటమ్మ ఉంది. ఊరు ఖాళీ అవుతున్న రాత్రి ఆమె బియ్యం సంచి వదిలేసి రిజిస్టరు ఎత్తుకుంది. అక్షరం రాని మనిషి. లావుపాటి పుస్తకం కాబట్టి ముఖ్యమైనదై ఉంటుందనుకుందట. పాలిథిన్ కాగితంలో చుట్టి, ధాన్యం గుమ్మి అడుగున దాచి, క్యాంపునుంచి క్యాంపుకి మోసింది. నాకు తెచ్చిచ్చినప్పుడు మూలలు ఎలుకలు కొరికి ఉన్నాయి. పేర్లు నిలిచాయి.

మీరు వెళ్ళగానే ఆ పుస్తకం ఎక్కడుందో వెతకండి. ఆఫీసులో అడగడంతో సరిపెట్టకండి. వంటమ్మని అడగండి, పాత చప్రాసీని అడగండి, చనిపోతే వాళ్ళ కోడలిని అడగండి. దొరక్కపోతే ఊరివాళ్ళని కూర్చోబెట్టి, ఎవరి పెళ్ళి ఏ ఏడు, ఏ వరదకి ముందు, ఏ పండగకి తర్వాత అని పోల్చుకుంటూ మళ్ళీ రాయండి.

మా రిజిస్టరులో 2005లో చివరి పేరు 412. తిరిగి తెరిచాక మొదటి పేరు 413, పదకొండేళ్ళ పిల్లాడు, ఒకటో తరగతి. మధ్యలో ఎర్ర సిరాతో గీత కొట్టి కారణం రాయమని తనిఖీకొచ్చినాయన అన్నాడు. రాయడానికి గడి చాలదన్నాను.

2022లో కొత్త పంతులు, ఆ బడి పిల్లాడే, అడ్మిషన్ల రోజు సాయానికి రమ్మంటే వెళ్ళాను. రిజిస్టరు నా ముందు పెట్టాడు. ఒక యువకుడు ఐదారేళ్ళ కూతుర్ని భుజం మీద ఎక్కించుకుని వచ్చాడు. పిల్ల పేరు రాశాను. తండ్రి పేరు అడిగాను. చెప్పాడు. చెయ్యి ఆగిపోయింది. వెనక్కి తిప్పి చూశాను: 398. 2005లో రెండో తరగతి. బడి మూతపడే నాటికి పలక మీద 'క' నుంచి 'ఙ' దాకా దిద్దడం వచ్చినవాడు, హిందీలో.

"సంతకం ఇక్కడ" అని పెన్ను ఇచ్చాను. పెన్ను తీసుకోలేదు. బొటనవేలు చాపాడు. ఇంకు ప్యాడు ఎండిపోయి ఉంటే నాలుగు చుక్కల నీళ్ళు చల్లాను.